జంపఖానా మీది నుంచి వచ్చిన అభిప్రాయాలు

1978 జూన్‌లో, పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు కర్మాగారంలో పర్సనల్ ఆఫీసరుగా చేరాను. కరెంటు స్విచ్చులకు కావలసిన రేకు పెట్టెలు అక్కడ తయారయ్యేవి. పర్సనల్ ఆఫీసరంటే ఏం చేస్తాడని బంధువులు అడిగేవాళ్లు. నియామకాలు, సెలవులు, పదోన్నతులు, తగాదాలు, శిక్షలు, అన్నీ అతని నెత్తినే. సంగారెడ్డి గంజ్‌లో పప్పుల దుకాణం నడిపే మా బాపు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అంటే ఇటోళ్లతోని, అటోళ్లతోని తిట్లు తినే నౌకరి అన్నట్టు!" సర్వీసు మొత్తంలో ఇంతకంటే సరైన నిర్వచనం నాకు దొరకలేదు.

ఆ కుర్చీతో పాటు ఇంకో బరువు కూడా వచ్చింది. పర్సనల్ ఆఫీసరే రిక్రియేషన్ క్లబ్బు కార్యదర్శి. క్యారమ్ బోర్డులకు పౌడరు తెప్పించడం, పదిహేను రోజులకొకసారి క్యాంటీన్ హాల్లో సినిమా వేయించడం నా పనులు. మా బస్తీల్లో టెలివిజన్ ఇంకా ఎవరింట్లోనూ లేదు. హైదరాబాదులో ఎవరో పెద్దవాళ్ల ఇళ్లలో ఉందని వినడమే. అయినా టెలివిజన్ కోసం తీసిన ఒక బ్రిటిష్ కథ రీళ్ల రూపంలో మా క్యాంటీను దాకా వచ్చింది. నగరంలోని ఒక విదేశీ గ్రంథాలయం చిన్న ప్రొజెక్టరు మీద ఆడే రీళ్లను ఫ్యాక్టరీ క్లబ్బులకు ఎరువిచ్చేది. ఇది నలుపు తెలుపు వైజ్ఞానిక సాహస కథ. ఒక్కో విడతకు ఒక్కో భాగం ఇచ్చేవారు.

కథ ఇదీ. భూమంతా మంచు కమ్మేస్తే జనం నేలకింద పట్నం కట్టుకుని బతుకుతుంటారు. నేలను తొలుచుకుంటూ పోయే బండిలో ఒక ముసలి పరిశోధకుడు, అతని మేనకోడలు ఆ పట్నం చేరతారు. అక్కడ అందరికీ గాలి ఇచ్చేది ఒక మహాయంత్రం. తెల్లకోట్ల పెద్దలు దాన్ని కాపలా కాస్తుంటారు. ఇంగ్లీషు మాటలకు మైకులో నేను తెలుగు చెప్పాలి. మధ్యాహ్నం ఒకసారి ఒంటరిగా వేసుకుని చూసి, సాయంత్రం వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి. ఆ ముసలాయన నోట్లో వక్కపలుకు పెట్టుకున్నట్టు మాట్లాడేవాడు. సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించేవాణ్ణి. ఎవరూ పట్టుకోలేదు.

గ్రంథాలయానికి ఒక షరతు ఉండేది. ప్రతి భాగం తరువాత ప్రేక్షకుల అభిప్రాయాలు అడిగి తెలుసుకుని, రీళ్లు తిరిగిచ్చేటప్పుడు చెప్పాలి. అందుకని బొమ్మ అయిపోగానే లైట్లు వేసి మైకు పట్టుకుని తిరిగేవాణ్ణి. మా హాల్లో కూర్చునే పద్ధతి కూడా హోదా ప్రకారమే. ముందు పేము కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ల వెనక బెంచీల మీద ఫోర్‌మన్లు, గుమాస్తాలు, ఆఖరున జంపఖానా మీద కార్మికులు, వాళ్ల పిల్లాజెల్లా. మైకు కూడా అదే దారిన పోయేది. మొట్టమొదట వర్క్స్ మేనేజరు, అంటే కర్మాగారంలో ఉత్పత్తికంతటికీ పెద్ద, లేచి "చాలా విజ్ఞానదాయకంగా ఉంది" అనేవాడు. బెంచీల వాళ్లు "విజ్ఞానదాయకం" అనేవాళ్లు. జంపఖానా దగ్గరికి చేరేసరికి "పెద్దసార్ చెప్పిందే సార్, మంచిగుంది" తప్ప ఇంకేం మిగిలేది కాదు. గొర్రెదాటు అంటే అదే.

రెండో భాగం రీళ్లు తిరిగివ్వబోతే, అక్కడ ఆ విభాగం చూసే ఆవిడ నా అభిప్రాయాల సేకరణ విని నవ్వింది. మీ ఫ్యాక్టరీలో అంతమందికీ కలిపి ఒకటే నోరా అని ఇంగ్లీషులో మర్యాదగానే అడిగింది. ఇలాగే ఉంటే మిగిలిన భాగాలు వేరే క్లబ్బుకు ఇస్తానంది. సిగ్గేసింది. తల ఊపి మూడో భాగం తీసుకుని బస్సెక్కాను.

ఇది ఇలా ఉండగా ప్రెస్ షాపులో ప్రమాదం జరిగింది.

ప్రెస్ షాపంటే రేకును కోసి, వంచి, అచ్చు దించే చోటు. కాలితో పెడలు తొక్కగానే పైనుంచి ఇనుప దిమ్మ దిగుతుంది. దాని కిందికి చెయ్యి పోకుండా ముందు ఒక ఇనుప జాలీ బిగించి ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. హత్నూర నుంచి వచ్చి పనిచేసే మల్లేశం అనే ఆపరేటరు రెండో షిఫ్టులో రేకు సర్దుతుండగా దిమ్మ దిగి, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఫోర్‌మన్ విఠల్‌రావు తన చొక్కా విప్పి ఆ చేతికి చుట్టి, జీపులో తనే ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరువాత జరిగింది విని ఆయన్ను దుర్మార్గుడనుకునే వాళ్లున్నారు. ఆయన అలాంటివాడు కాదు.

ఆ వేళ ప్రెస్సుకు గార్డు లేదు. ఎవరు తీశారన్నదే ప్రశ్న. ఆపరేటరే పని తొందరగా సాగాలని తీసి ఉంటే అది స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, అంటే కర్మాగారం నియమావళి ప్రకారం, తీవ్రమైన దుష్ప్రవర్తన. దానికి శిక్ష ఉద్యోగం నుంచి తొలగించడం. కుడిచేతికి వేళ్లు లేనివాణ్ణి ఇంకే ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిస్తుంది? ఊళ్లో వానను నమ్ముకున్న చెలక తప్ప మల్లేశానికి ఏమీ లేదు.

ముందు ప్రాథమిక విచారణ వర్క్స్ మేనేజరు గదిలోనే జరిగింది. నేను పక్కన కూర్చున్నాను. ప్రెస్ షాపు వాళ్లందరినీ ఒకేసారి పిలిచి గోడవారగా నిలబెట్టారు. మేనేజరు ఫోర్‌మన్ వైపు తిరిగి "ఆపరేటరే గార్డు తీసి ఉంటాడు, అంతే కదా?" అన్నాడు. విఠల్‌రావు ఒక్క క్షణం ఆగి "ఔను సార్" అన్నాడు. తరువాత వరుసగా అడిగితే గోడవారనున్న వాళ్లంతా "ఫోర్‌మన్ సార్ చెప్పినట్టే సార్" అన్నారు. చేతికి కట్టుతో నిలబడ్డ మల్లేశం మాత్రం "నేను తియ్యలే సార్. నేనొచ్చేటాల్లకే జాలీ లేకుండె" అని తోటివాళ్ల వైపు చూశాడు. ఒక్కరూ తలెత్తలేదు. అతన్ని సస్పెండు చేసి చార్జిషీటు ఇచ్చారు.

కార్మికుల మంచిచెడ్డలు చూసే వెల్ఫేర్ ఆఫీసరు క్రమశిక్షణ కేసులు ముట్టుకోకూడదని నిబంధన. కాబట్టి అసలు విచారణ అధికారిగా నన్ను వేశారు. నిందితుడు తనకు తోడుగా ఒక సహోద్యోగిని కూర్చోబెట్టుకోవచ్చు. మల్లేశం అడిగినవాళ్లు ఒకరు అత్తగారికి బాగాలేదన్నారు, ఇంకొకరు షిఫ్టు కుదరదన్నారు. చివరికి ఒంటరిగానే వస్తానని చెప్పి పంపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాత్రం తెలియలేదు. నిజం ఏదో ఆ షాపులో అందరికీ తెలుసని వాళ్ల మొహాలే చెబుతున్నాయి. కానీ మొహాలను సాక్ష్యంగా రాసుకోవడం కుదరదు.

విచారణ వచ్చే సోమవారం. శనివారం సాయంత్రం మూడో భాగం వేయాలి. మధ్యాహ్నం నేను హాల్లో రీలు ఎక్కిస్తుంటే సెక్యూరిటీ చూసే సుబేదార్ సాబ్ వచ్చాడు. పటాలంలో చాలాకాలం చేసి వచ్చిన మనిషి. అభిప్రాయాల బాధ చెప్పుకుంటే పెద్దగా నవ్వాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు సాబ్? మా ఫౌజులో కోర్టుమార్షల్ అయితే అందరికన్న చిన్న అఫ్సర్‌ను ముందుగాల అడుగుతరు. పెద్దాయన ఆఖరుకు చెప్తడు. పెద్దాయన మొదలువెడితే ఇగ చిన్నోడు ఏం మాట్లాడ్తడు?" అన్నాడు. ఆ మాట నేను సినిమాకే అన్వయించుకున్నాను. విచారణ సంగతి అప్పటికి నా బుర్రలోకి రాలేదు.

మూడో భాగంలో నేలకింద పట్నానికి గాలి ఆగిపోతుంది. గాలి కవాటం దగ్గర కాపలా ఉండే మనిషి మీద నేరం మోపుతారు. నిజానికి అతను పనికి రాకముందే తెల్లకోటు పెద్దాయన వచ్చి ఒక మీట పీకి జేబులో వేసుకుపోయాడు. అది మనకు చూపిస్తారు. పక్కన పనిచేసేవాళ్లూ చూస్తారు. అందరినీ నిలబెట్టి అడిగితే తెల్లకోటాయన ముందు మాట్లాడతాడు, మిగతావాళ్లు తలలూపుతారు. కవాటం మనిషిని పైకి, మంచులోకి తోసేయాలని తీర్పు. అక్కడితో ఆ భాగం అయిపోతుంది. మధ్యాహ్నం ఒంటరిగా చూసినప్పుడే మా గోడవార వరుస గుర్తొచ్చింది. సాయంత్రం మాత్రం ఉన్నదున్నట్టుగా తెలుగు చెప్పాను. ఆ రోజు ఏమీ కల్పించలేదు.

లైట్లు వేశాక, ఈసారి అభిప్రాయాలు వెనకనుంచి మొదలన్నాను. హాలంతా నవ్వులు. వర్క్స్ మేనేజరు కూడా నవ్వుతూ కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు. మొదటి మైకు క్యాంటీన్ యాదమ్మకు ఇచ్చాను. ఆమె కొంగు సర్దుకుని, "అన్నీ మంచిగున్నయ్ గని సార్, మూడు బాగాలైనయ్, ఆళ్లు ఏం తింటరో ఒక్కపారి సూపియ్యలే. గాలితోనే బతుకుతరా ఏంది?" అంది. చప్పట్లు మోగాయి. బీహారు నుంచి వచ్చిన ఒక వెల్డరు, మేనకోడలు ప్యాంటులో పరుగెత్తే తీరు తనకు బాగా నచ్చిందని హిందీలో చెప్పి సిగ్గుపడ్డాడు. నేలను తొలిచే బండి కింద రాయి తగిలితే బిట్టు విరగదా అని బోరుబావుల్లో పనిచేసి వచ్చిన ఒకాయన సందేహం. ఇన్ని నోళ్లు ఈ హాల్లో ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో!

మైకు ప్రభుదాసు దగ్గరికి వచ్చింది. ప్రెస్ షాపులో హెల్పరు, మెదక్ వైపు చర్చి కుటుంబం, నలభై దాటిన నెమ్మదైన మనిషి. "గా కవాటమాయన తప్పేమున్నది సార్?" అన్నాడు. "తీసినోడు ముందుగాల తీసిపోయిండు. ఈయన ఎనుక డ్యూటీకొచ్చిండు. తీసినోడు తెల్లకోటు ఏస్కోని మంచిగనే ఉన్నడు."

"మరి అందరు సూసిండ్రు గద, ఒక్కడన్న చెప్పద్దా? నోట్లె నీళ్లు వోసుకున్నరా?" అని పక్కనుంచి ఒక ఫిట్టరు లేచాడు.

యాదమ్మ మైకు లేకుండానే అందుకుంది. "ఎట్ల చెప్తరు బిడ్డా? పెద్దాయన ముందుగాల చెప్పె. ఇగ కాదంటే, సూసింది చెప్పినట్టు గాదు. పెద్దాయన్ను అబద్దాలోడన్నట్టు అయితది."

బెంచీ మీద విఠల్‌రావు లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "సిన్మా మాట మాట్లాడుండ్రి. షాపు ముచ్చట్లు ఈడ ఎందుకు?" అన్నాడు.

షాపు ముచ్చట ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం గురించి విన్నాను గాని, కళ్లారా చూడటం అదే మొదలు. వర్క్స్ మేనేజరు ఫోర్‌మన్ వైపు చాలాసేపు చూశాడు. నేను గబగబా వందన సమర్పణ చేసి హాలు ఖాళీ చేయించాను.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. సినిమా మీద చెప్పిన అభిప్రాయం సాక్ష్యం కాదు. ఫోర్‌మన్ ఉలిక్కిపడ్డాడని నేను విచారణ నివేదికలో రాస్తే ఏ లేబరు కోర్టయినా దాన్ని నా మొహాన కొడుతుంది. నా చేతిలో ఉన్నది విచారణ నడిపే పద్ధతి ఒక్కటే. ప్రాథమిక విచారణలో చెప్పిన మాటలు అసలు విచారణలో మళ్లీ చెబితే తప్ప లెక్కలోకి రావు. సాక్షులను ఏ వరుసలో, ఎలా పిలవాలన్నది విచారణ అధికారి ఇష్టం. మాకు అలవాటు మాత్రం హోదా ప్రకారం, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగడం.

సోమవారం ఆ అలవాటు మార్చాను. ఒక్కొక్కరే లోపలికి రావాలి, మిగతావాళ్లు బయట వేప చెట్టు కింద సుబేదార్ సాబ్ కళ్లముందు ఉండాలి, మాట్లాడుకోకూడదు. ముందు హెల్పరు, ఆఖరున ఫోర్‌మన్. యాజమాన్యం తరఫున కేసు నడిపే అధికారి, ఇది మన ఆనవాయితీ కాదని అభ్యంతరం చెప్పాడు. అభ్యంతరం నమోదు చేసుకుంటానన్నాను, చేసుకున్నాను.

ప్రభుదాసు వచ్చి మల్లేశానికి ఎదురుగా కూర్చున్నాడు. గార్డు ఎవరు తీశారని అడిగితే చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "ఫోర్‌మన్ సార్ ఆ దినం చెప్పిండు గద సార్" అన్నాడు.

"అది లెక్కల లేదు ప్రభుదాస్. ఈడ ఇంకా ఎవ్వరు ఏం చెప్పలే. నువ్వే మొదలు" అన్నాను. నేనూ అప్రయత్నంగా ఇంటి మాటలోకి దిగిపోయాను.

అతను మల్లేశం చేతికట్టు వైపు చూశాడు. ఆ తరువాత నేను ఇంకేమీ అడగాల్సిన అవసరం రాలేదు. కొత్త ఆర్డరు కోసం తెచ్చిన అచ్చు ఎత్తుగా ఉంది, గార్డు ఉంటే పట్టదు. మొదటి షిఫ్టులోనే ఫోర్‌మన్ చెబితే గార్డు బోల్టులు విప్పింది తనే. ఆ ఆర్డరు కోసం ఫోర్‌మన్, తను ఇద్దరూ రెండో షిఫ్టుకూ ఉండిపోయారు. మల్లేశం రెండో షిఫ్టుకు వచ్చేసరికి జాలీ గోడకు ఆనించి ఉంది. మల్లేశం అడిగాడు కూడా, గార్డు లేకుండా ఎట్ల నడపాలని. ఆర్డరు జల్దీ పోవాలె, జెర చూసి నడుపమని ఫోర్‌మన్ జవాబు. తరువాత వచ్చినవాళ్లు ఒకరి మాట ఒకరికి తెలియకుండానే అదే చెప్పారు. మాటలు వేరు, సంగతి ఒకటే.

ఆఖరున విఠల్‌రావు వచ్చాడు. కూర్చోగానే "ఆళ్లు ఏం చెప్పిండ్రు సార్?" అని అడిగాడు. మీకు తెలిసింది చెప్పండి చాలు అన్నాను. తలుపు వైపు చూశాడు, మల్లేశం వైపు చూశాడు. అప్పుడు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"నేనే తీయించిన సార్. అచ్చు పట్టకపోతే ఏం చేస్త? ఆ దినం పెద్దసార్ గదిల నేను ఉన్నదే చెప్పుదామని పోయిన. గని ఆయననే ముందుగాల అన్నడు గద, ఆపరేటరే తీసిండు గద అని. ఇగ నేను కాదని ఎట్లంట?"

అంటే గోడవారన నిలబడ్డ వరుసలో ఫోర్‌మన్ కూడా ఒకడే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

నేరం రుజువు కాలేదని నివేదిక ఇచ్చాను. వర్క్స్ మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి సంతకం చేశాడు. మల్లేశాన్ని పనిముట్లు ఇచ్చిపుచ్చుకునే స్టోరులో వేశారు. ఫోర్‌మన్‌కు హెచ్చరిక ఇచ్చారు. కొత్త అచ్చుకు సరిపడే గార్డు చేయించాకే ఆ ప్రెస్సు మళ్లీ నడిచింది. మేనేజరుకు హెచ్చరిక ఇచ్చే అధికారం మా గేటు లోపల ఎవరికీ లేదు.

మూడో భాగం మీద మావాళ్ల అభిప్రాయాలు విని గ్రంథాలయం ఆవిడ సంబరపడింది. యాదమ్మ తిండి ప్రశ్నను తనవాళ్లకు రాసి పంపుతానంది. నాలుగో భాగం మరో మాట లేకుండా ఇచ్చింది. దాన్ని చూడటానికి మల్లేశం కూడా వచ్చాడు. జంపఖానా మీద ప్రభుదాసు పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ పల్లీలు పంచుకు తింటున్నారు. ఈ భాగంలో ముసలి పరిశోధకుడు తెల్లకోటాయన జేబులోంచి మీట బయటికి తీయించి, కవాటం మనిషిని మంచులోకి తోసేయకుండా కాపాడతాడు. హాలంతా ఈలలు, చప్పట్లు.

అభిప్రాయాలు మళ్లీ వెనకనుంచే అడిగాను. యాదమ్మకు ఈ భాగం బ్రహ్మాండంగా ఉంది. ప్రభుదాసుకు చాలా బాగుంది, న్యాయం గెలిచింది. మల్లేశం మైకును ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"నాకైతే నచ్చలే సార్. ముసలాయన యాడికెల్లో వచ్చి అడిగేదాక, దినాం పక్కపొంటి నిలవడి పనిచేసేటోళ్లు ఒక్కలన్న నోరిప్పలే గద. ఇగ తెల్లారి మల్ల ఆళ్లతోనే పనిచెయ్యాలె ఆయన. గది సూపియ్యలే."

ప్రభుదాసు చేతిలోని పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి. ఆ అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు గ్రంథాలయంలో చెప్పాను. ఇది కథ గురించేనా అని ఆవిడ అడిగింది. కథ గురించేనన్నాను.

రిటైరయ్యేదాకా చాలా విచారణలు నడిపాను. ప్రతిసారీ చిన్నవాణ్ణి ముందు, పెద్దవాణ్ణి ఆఖరున అడిగాను. నా అనుమానం ఏదైనా ఉంటే అది ప్రశ్నలో దొర్లకుండా చూసుకున్నాను. ఆ పద్ధతి వల్ల నిజం బయటికి రావడం చాలాసార్లు చూశాను. అది వచ్చేదాకా ఒంటరిగా నిలబడ్డవాడికి ఆ ఒంటరితనాన్ని తీసేసే పద్ధతి మాత్రం నియమావళిలో ఎక్కడా లేదు.